కాగితం లేని రైతుకు ప్రతిదీ ప్రియమే

(మన గ్రామీణ విలేకరి)

అమలాపురం: ఒకే ఊరు, ఒకే కాలవ నీరు, ఒకే రకం విత్తనం. మధ్యలో ఒక గట్టు. గట్టుకు ఇవతల చేను సొంత రైతుది. అవతల చేను కౌలు రైతు చేస్తున్నాడు. ఇద్దరూ ఒకే వారంలో నాట్లు వేశారు, ఒకే యంత్రం వచ్చి ఇద్దరి చేలూ కోసింది. పంట కూడా ఇంచుమించు ఒకటే పండింది. అయినా లెక్క చూసుకునేసరికి ఇవతలి ఆసామి ఫరవాలేదని తువ్వాలు దులుపుకొని లేచాడు. అవతలి ఆయన కొట్టు అరుగు మీదే కూర్చుండిపోయాడు. కౌలు ఇవ్వాలి కనుక ఆయనకు తక్కువ మిగలడంలో వింత లేదని పాఠకులు అనవచ్చు. నిజమే. కౌలు సంగతి అందరికీ తెలుసు. అది నోటితో ఒప్పుకున్న ఖర్చు. నేను రాయబోయేది ఎవరూ ఒప్పుకోని, ఏ కాగితం మీదా కనిపించని ఖర్చు గురించి.

కోనసీమలో మూడెకరాలు కౌలుకు చేస్తున్న ఒక రైతు తన సార్వా లెక్క నాకు చెప్పారు. పేరు రాయవద్దన్నారు. "పేరేస్తే కామందుకీ కోపం, కొట్టాయనకీ కోపం. వచ్చే ఏడు చేను ఉండదండి ఆయ్" అన్నారు. అందుచేత పేరు లేకుండానే రాస్తున్నాను. నాలుగో తరగతితో చదువు మానేసిన మనిషి. అయినా ఏ బస్తా ఏ రోజున తెచ్చిందీ తారీఖుతో సహా నోటికి వచ్చు. అప్పు ఉన్నవాడికి జ్ఞాపకం ఎక్కువ.

ఎకరాకు 20 వేల రూపాయల చొప్పున మూడెకరాలకు 60 వేలు పెట్టుబడి అయింది. దమ్ము, నాట్లు, ఎరువులు, పురుగు మందులు, కోత యంత్రం అన్నీ ఇందులోవే. ఆయనా, ఆయన భార్యా పడిన కష్టం ఇందులో లేదు. ఎకరాకు 30 బస్తాలు పండింది. ఇక్కడ బస్తా అంటే 75 కిలోలు. మక్తా ఎకరాకు 10 బస్తాలు. మూడెకరాల మీద కౌలు పోగా 60 బస్తాలు మిగిలాయి. ఇంటికి 8 ఉంచుకొని 52 బస్తాలు కొట్టుకు తోలారు.

ఇంతవరకూ చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఇక ఒక్కొక్కటే చూద్దాం.

వడ్డీ ఇద్దరికీ ఒకటి కాదు

సొంత భూమి గల రైతు పాసుపుస్తకం పట్టుకెళితే బ్యాంకు పంట రుణం ఇస్తుంది. 3 లక్షల వరకు వడ్డీ నూటికి ఏడాదికి 7 రూపాయలు. గడువులోగా తీర్చినవారికి అందులో 3 రూపాయలు కేంద్రం భరిస్తుంది. అంటే చివరకు పడేది 4 రూపాయలు. 60 వేలకు ఆరు నెలలకు లెక్క కడితే 1,200 అవుతుంది.

కౌలు రైతుకు పాసుపుస్తకం లేదు. ఆయన వెళ్లేది ఎరువుల కొట్టుకు. అక్కడ వడ్డీ "రెండు రూపాయలు" అంటారు. వినడానికి నాలుగు కంటే రెండు తక్కువే. కానీ అది నెలకు! ఏడాదికి నూటికి 24. అదే 60 వేలకు అదే ఆరు నెలలకు 7,200. గట్టుకు ఇవతల 1,200, అవతల 7,200. తేడా 6 వేలు. ఇది తగువు పడని కొట్టు. ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటున్నవారు కూడా ఉన్నారు.

మా నాన్నగారూ కౌలుకు చేసినవారే. చిన్నప్పుడు చీటీ పట్టుకొని కొట్టుకు వెళ్లింది నేనే. చీటీలో రాసింది ఇచ్చేవారు, ధర మాత్రం చీటీలో ఉండేది కాదు. పుస్తకంలో ఎంత రాసుకున్నారో సంక్రాంతి ముందు లెక్క చూసే రోజు దాకా మాకు తెలిసేది కాదు. ఇప్పటికీ ఆ పద్ధతి పోలేదు. యూరియా 45 కిలోల బస్తా ధర 266 రూపాయల 50 పైసలని బస్తా మీదే అచ్చు వేసి ఉంటుంది. డి.ఎ.పి. బస్తా 1,350 రూపాయలు. డబ్బు చేతిలో పెట్టినవాడికి ఆ ధర. అరువు వాడికి బస్తాకు యాభయ్యో, వందో పైన పడుతుంది. యూరియా కొరత ఉన్న రోజుల్లో దానితో పాటు అక్కరలేని మందు సీసా ఒకటి అంటగడతారు. వద్దంటే యూరియా లేదంటారు. ఈ పద్దు కింద పదిహేను వందలు పోయాయని మన రైతు లెక్క. ఇందులో ఆయన బేరం ఆడలేదు. అరువు వాడు బేరం ఎక్కడ ఆడతాడు?

కళ్లంలో కరిగిపోయే ధాన్యం

2025-26 ఖరీఫ్‌కు సాధారణ రకం ధాన్యానికి ప్రభుత్వం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. 75 కిలోల బస్తాకు లెక్క వేస్తే 1,777 వస్తుంది. మన రైతుకు కొట్టువారు కట్టింది 1,550. బస్తాకు 227 తక్కువ. 52 బస్తాల మీద 11,804 రూపాయలు.

మరి ప్రభుత్వ కొనుగోలు కేంద్రానికి ఎందుకు తోలలేదు అని ఎవరైనా అడుగుతారు. నేనూ అడిగాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. తర్వాత ఆయన భార్య చెప్పింది. పంట నమోదు కామందు పేరున ఉంది. అక్కడ అమ్మితే డబ్బు ఆ పేరున్న ఖాతాలోనే పడుతుంది. కామందు ఉండేది హైదరాబాదులో. ఆయన మంచివాడే, డబ్బు పడగానే పంపిస్తాడు. కానీ పడేదాకా కొట్టాయన ఆగడు. పైగా తేమ 17 శాతం మించకూడదు. యంత్రంతో కోసిన పచ్చి ధాన్యం ఆ లెక్కకు రావాలంటే నాలుగైదు రోజులు ఎండాలి. ఎండబోయడానికి కళ్లం లేదు, రోడ్డు మీదే పోయాలి. బరకాలు అద్దెకు తేవాలి. రాత్రి కాపలా ఉండాలి. ఆకాశం మబ్బు పట్టిందంటే గుండె జారిపోతుంది. ఇదంతా పడలేకే పచ్చి ధాన్యం చేలో నుంచే కొట్టాయన లారీ ఎక్కించారు.

ఆ లారీ ధాన్యమూ చివరకు చేరేది మిల్లుకే.

తూకం సంగతి చెప్పనే లేదు. బస్తాకు 75 కిలోలు అని రాస్తారు, కాటా మీద 77 చూస్తారు. ఆ రెండు కిలోలు తరుగు. పచ్చి ధాన్యం కనుక తరుగు తీస్తున్నామంటారు. పచ్చి ధాన్యమనే ధరా తగ్గించారు కదా అని అడిగేవాడు లేడు. ఒకే తేమకు రెండు కోతలన్న మాట. 52 బస్తాలకు 104 కిలోలు, రెండు వేల రూపాయల పైచిలుకు సరుకు. ఇంటికని ఉంచుకున్న 8 బస్తాల్లోంచే ఆ 104 కిలోలు పోయాయని ఆమె చెప్పింది. ఇది చెప్పేటప్పుడు మాత్రం ఆమె గొంతు మారింది. వేలు పోయినప్పటి కంటే తిండి గింజలు పోయినప్పుడు బాధ ఎక్కువ కాబోలు.

మొత్తం కూడితే వడ్డీ తేడా 6 వేలు, ఎరువుల మీద పదిహేను వందలు, ధర తేడా 11,804, తరుగు రెండు వేల పైన. అంటే 21 వేల రూపాయల పైచిలుకు. ఇది కౌలు కాదు, పెట్టుబడి కాదు, పన్నూ కాదు. ఏ రసీదులోనూ లేదు. ఇంతకీ ఆయనకు మిగిలిందెంత? 52 బస్తాలకు వచ్చిన 80,600లోంచి పెట్టుబడి 60 వేలు, పై ధర 1,500, వడ్డీ 7,200 తీసేస్తే 11,900. ఆరు నెలలు ఇద్దరు మనుషులు బురదలో దిగి చేసిన కష్టానికి ఫలితం ఇది. తనకు మిగిలిన దానికి దాదాపు రెట్టింపు సొమ్ము దారిలోనే జారిపోయింది.

ఆ 11,900 అయినా ఇల్లు చేరలేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు ఆయన చేను కోతకు సిద్ధంగా ఉండి నీట మునిగింది. ఆ ఏటి బాకీ కొట్టులో 40 వేలు నిలిచిపోయింది. దానికి రెండు రూపాయల లెక్కన ఏడాది వడ్డీయే 9,600. అది పట్టుకొని మిగతా 2,300 చేతిలో పెట్టారు. అసలు 40 వేలూ అలాగే ఉంది. మునిగిన పంటకు నష్టపరిహారం రాలేదా అంటే, ఆ ఏడు కూడా నమోదు కామందు పేరునే ఉంది. ఆయన పంపిస్తే పంపినట్లు, లేకపోతే లేదు. అడగడానికి ఈయనకు ధైర్యం చాలలేదు. చేను పోతుందని భయం.

కొట్టాయనను ఒక్కడినే దోషిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. ఆయనా బయట అప్పు తెచ్చే వ్యాపారం చేస్తున్నాడు. తుపాను ఏడు ఆయనకూ బాకీలు రాలేదు. రాత్రి తొమ్మిదింటికి తలుపు తట్టి, పిల్లకు జ్వరం, రెండు వేలు కావాలంటే కాగితం అడగకుండా ఇచ్చేది ఊళ్లో ఆయనొక్కడే. కాగితం అడగనందుకు పుచ్చుకునే రుసుమే పైన చెప్పిన 21 వేలు. బ్యాంకు వడ్డీ తక్కువ, కానీ గుమ్మం ఎక్కనివ్వదు. కొట్టు గుమ్మం ఎప్పుడూ తెరిచే ఉంటుంది, ఎక్కినవాడు దిగలేడు.

కార్డు ఉంది, సంతకం లేదు

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనడం న్యాయం కాదు. వడ్డీ వ్యాపారుల చేతుల్లోంచి రైతును తప్పించాలనే 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. కౌలుదారులకు రక్షణగా 1956లో కౌలుదారీ చట్టం వచ్చింది. 1974లో దాన్ని సవరించారు. కౌలు కనీసం ఆరేళ్లు ఉండాలని, భూమి అమ్మేటప్పుడు కౌలుదారుకు ముందుగా కొనుక్కొనే హక్కు ఉండాలని అందులో ఉంది. ఉద్దేశం మంచిదే. కానీ దాని పేరు చెబితే భూమి యజమానులకు భయం పట్టుకుంది. రాసి ఇస్తే భూమి పోతుందని కౌలు మొత్తం నోటి మాటకు దిగిపోయింది. మా ప్రాంతంలో కాగితం మీద కౌలు రాసుకున్నవారు నాకు కనబడలేదు. పేదవాడి రక్షణకు చేసిన చట్టం వల్లే పేదవాడి పేరు ఎక్కడా లేకుండా పోయింది.

ఆ తర్వాత 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం తెచ్చి కౌలు రైతులకు రుణ అర్హత కార్డులు ఇచ్చారు. ఆ ఏడే మా కోనసీమ రైతులు గిట్టుబాటు లేదని సార్వాకు పంట విరామం ప్రకటించిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ చట్టంలో యజమాని సంతకం తప్పనిసరి కాదు. గ్రామంలో విచారించి, ఎవరు చేస్తున్నారో తేల్చి కార్డు ఇవ్వవచ్చు. 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. ఇందులో 11 నెలలకు కార్డు ఇస్తారు. దాని వల్ల భూమి మీద ఎటువంటి హక్కూ రాదని స్పష్టంగా రాశారు. యజమానుల భయం తీర్చాలనే అలా రాశారు. కానీ యజమాని సంతకం కావాలన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్న సామెత ఇక్కడ సరిగ్గా అతుకుతుంది.

మన రైతు ఒక ఏడు కామందును ఎలాగో ఒప్పించి కార్డు తెచ్చుకున్నారు. అందుకు నాలుగు రోజుల కూలి పోయింది. హైదరాబాదు రాకపోకల ఖర్చు వేరు. ఆ కార్డు పట్టుకొని బ్యాంకుకు వెళితే, "ఈ భూమి మీద మీ ఆసామి ఇదివరకే పంట రుణం తీసుకున్నారండి, ఒకే భూమికి రెండు రుణాలు ఇవ్వలేం" అన్నారట. ఆ ఉద్యోగి తప్పు కూడా కాదు. ఆయన కంప్యూటరులో అలాగే చూపిస్తోంది. పూచీకత్తు లేకుండా 2 లక్షల వరకు వ్యవసాయ రుణం ఇవ్వవచ్చని రిజర్వు బ్యాంకు 2025 జనవరి 1 నుంచి పరిమితి పెంచిన మాట వాస్తవమే. కౌలు రైతులు నలుగురైదుగురు జట్టు కట్టి ఉమ్మడి పూచీ మీద అప్పు తీసుకొనే పద్ధతి కూడా ఉంది. ఇవి అందినవారు లేకపోలేదు. కానీ మా చుట్టుపక్కల అడిగి చూస్తే అందనివారే ఎక్కువగా తగిలారు.

ఇందులో విడ్డూరం ఒకటి ఉంది. పంట వేయని మనిషి పంట పేరుతో 4 రూపాయల అప్పు తీసుకుంటాడు. పంట వేసే మనిషి 24 రూపాయల అప్పు తీసుకుంటాడు. కేంద్రం ఏటా ఇచ్చే 6 వేల రూపాయల కిసాన్ సమ్మాన్ సొమ్ము కూడా భూమి పేరున్నవారికే. పక్క రాష్ట్రం తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధులో కూడా కౌలుదారుకు చోటు ఇవ్వలేదు. లెక్కల్లో రైతు అంటే పొలం ఉన్నవాడు, పొలంలో ఉన్నవాడు కాదు.

2019లో జరిపిన జాతీయ నమూనా సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 93 వ్యవసాయ కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయి. కుటుంబానికి సగటు అప్పు 2,45,554 రూపాయలు. దేశం మొత్తానికి ఆ సగటు 74,121. నీళ్లు పారే పచ్చటి జిల్లాలున్న రాష్ట్రానికి ఇంత అప్పు ఏమిటని బయటివారు ఆశ్చర్యపోతారు. మాకు ఆశ్చర్యం లేదు.

యజమానుల మాటా వినాలి. ఒక పెద్దాయన నాతో అన్నారు: "నాకు సంతకం పెట్టడానికి అభ్యంతరం లేదోయ్. రేపు ఆ అప్పు తీర్చకపోతే నా భూమి మీదికి రారని ఎవరు పూచీ?" ఇది కొట్టిపారేసే ప్రశ్న కాదు. పెద్దాయనకు ఉన్నదీ ఆరెకరాలే. కూతురి పెళ్లికి అదే ఆధారం. కార్డు మీద ఇచ్చిన అప్పుకు భూమితో సంబంధం లేదని మండల అధికారి, బ్యాంకు మేనేజరు ఇద్దరూ ఊళ్లోకి వచ్చి, రచ్చబండ దగ్గర అందరి ఎదుటా చెప్పి, రాసి చేతికిస్తే ఈ భయం సగం పోతుంది. ఇప్పటివరకు మా ఊళ్లో ఆ పని జరగలేదు.

సంతకం షరతు తీసేసి, 2011 నాటి మాదిరిగా ఊళ్లోనే విచారించి కార్డు ఇవ్వడం కష్టమేమీ కాదు. ఎవరి చేను ఎవరు చేస్తున్నారో గ్రామ రెవెన్యూ అధికారికి తెలుసు, నీళ్లు వదిలే లస్కరుకు తెలుసు, టీ కొట్టు దగ్గర కూర్చునే ప్రతివాడికీ తెలుసు. తెలియనిది రికార్డుకే. పంట రుణం పంట వేసేవాడికే ఇచ్చి, యజమానికి భూమి మీద అప్పు కావాలంటే అది వేరే పద్దు కింద ఇవ్వవచ్చు. ఊరికి నాలుగు బరకాలు, ఒక సిమెంటు కళ్లం, ధాన్యం ఆరబెట్టే యంత్రం ఒకటి ఉంటే తేమ పేరుతో జరిగే రెండు కోతల్లో ఒకటైనా ఆగుతుంది. కాటా దగ్గర తూనికల అధికారి సీజనులో ఒక్కసారి కనిపించినా చాలు. ఇవేవీ కోట్ల పనులు కావు.

ఈ పని సార్వా ఆకుమళ్లు పోయక ముందే జరగాలి. నాట్లు పడ్డాక కార్డు వస్తే ఉపయోగం లేదు. అప్పటికే కొట్టులో ఖాతా తెరిచి ఉంటుంది. ఖాతా ఎవరి దగ్గర తెరిస్తే ధాన్యం వారికే తోలాలి.

దాళ్వాకు విత్తనాలు తెచ్చుకోవడానికి మన రైతు మళ్లీ అదే కొట్టుకు వెళ్లారు. నేనూ వెంట వెళ్లాను. గుమస్తా పాత పుస్తకం మూసి కొత్త పుస్తకం తీశాడు. పై వరసలో పేరు రాసి, పక్కన "పాత బాకీ 40,000" అని వేసి, కింద విత్తనాల బస్తాలు రెండు రాసుకున్నాడు. ధర గడి మాత్రం ఖాళీగా వదిలేశాడు.